బరోక్ టొకాటా: విప్పి చూడడం, వాయించడం, మెట్టు మెట్టుగా

కీబోర్డ్ మీద కాస్త చెయ్యి తిరిగాక చాలామంది కన్ను టొకాటా అనే రచన మీద పడుతుంది. పేజీ నిండా పరుగులు, మధ్యలో నిండు కార్డులు (కలిసి మోగే నోట్ల గుంపులు), ఉన్నట్టుండి ఆగిపోవడం, మళ్లీ ఎగబడడం. ఎవరో ఆశువుగా వాయిస్తుంటే పక్కన కూర్చుని రాసుకున్నట్టు ఉంటుంది. అది పుట్టింది కూడా అలాగే. 16వ శతాబ్దపు ఇటలీ చర్చిల్లో పాడేవాళ్లకు శ్రుతి అందించడానికి ఆర్గనిస్టులు నాలుగు కార్డులు, వాటి చుట్టూ కొన్ని పరుగులు అప్పటికప్పుడు కట్టేవాళ్లు. వెనిస్‌లో సాన్ మార్కో చర్చి ఆర్గనిస్టుగా పనిచేసిన క్లాడియో మెరూలో దాన్ని పెద్ద రచనగా పెంచాడు. పరుగుల మధ్య ఫ్యూగ్‌ను (ఒకే ‘విషయాన్ని’, అంటే ఒక స్వర ముక్కను, గొంతులు ఒకదాని వెంట ఒకటి అందుకునే అల్లికను) పోలిన నిలకడైన భాగాలు చేర్చాడు. ఆయన టొకాటాలు 1598లో, 1604లో రోమ్‌లో అచ్చయ్యాయి. తర్వాత రోమ్‌లో ఫ్రెస్కోబాల్డి, ఆయన దగ్గర నేర్చుకున్న ఫ్రోబెర్గర్, ఉత్తర జర్మనీలో బుక్స్‌టెహూడ్, ఆ తర్వాత బాఖ్ ఆ రూపాన్ని తలో దిక్కుకు లాగారు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. టొకాటాలో స్వేచ్ఛగా కనిపించే చోటే లెక్క ఎక్కువ. ఫ్యూగ్ భాగాలు ఓపిక ఉంటే వచ్చేస్తాయి. లయ తెగి వదిలేసినట్టు ఉన్న చోట ఏం చెయ్యాలో తెలియకే మంచి వేళ్లున్నవాళ్ల వాయింపు కూడా తేలిపోతుంది.

నమూనాగా బాఖ్ ఇ మైనర్ టొకాటాను (బాఖ్ రచనల జాబితాలో బీడబ్ల్యూవీ 914) తీసుకుందాం. 910 నుంచి 916 వరకు నంబర్లున్న ఏడు కీబోర్డ్ టొకాటాల్లో చిన్నవాటిలో ఇదొకటి. మధ్య మధ్య మిగతావాటినీ పిలుద్దాం.

1. ముందు సరంజామా

హార్ప్సికార్డ్ (పియానోకు ముందటి కీబోర్డ్ వాద్యం) లేదని బెంగ పెట్టుకోవద్దు. ఆ రోజుల్లో వాద్యాలకు మీటలు తక్కువ. బాఖ్ తొలి కీబోర్డ్ రచనలు దాదాపు నాలుగు ఆక్టేవుల్లో ఇమిడిపోతాయి. ఇంట్లో ఉన్న 61 మీటల కీబోర్డ్ సరిపోతుంది. హార్ప్సికార్డ్ శబ్దం పెట్టుకోండి, టచ్ సెన్సిటివిటీ ఆపేయండి, సస్టెయిన్ పెడల్‌ను పక్కకు నెట్టేయండి. టచ్ ఆపమంటే కొందరికి నచ్చదు గానీ, హార్ప్సికార్డ్‌లో తీగను మీటేది చిన్న ములుకు. మీటను ఎంత గట్టిగా కొట్టినా శబ్దం ఇంచుమించు అంతే. టొకాటా ఆ పరిమితి మధ్యే పెరిగింది. శబ్దం పెంచాలంటే నోట్లు పెంచాలి, ఒక నోటుకు బరువు రావాలంటే దాని ముందు రవ్వంత ఆలస్యం చెయ్యాలి. ఈ రెండూ చేతికి ఎక్కాక పియానోకు వెళితే చక్కగా వాయిస్తారు. ముందే పియానో మీద మొదలుపెట్టినవాళ్లు ప్రతి పరుగుకూ ఒక క్రెషెండో (శబ్దం పెంచుకుంటూ పోవడం) తగిలించేస్తారు.

స్కోరు ఐఎమ్ఎస్ఎల్‌పీ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త. ఈ ఏడు టొకాటాలకు బాఖ్ సొంత చేతిరాత మిగల్లేదు, ఇతరులు రాసుకున్న నకళ్లే ఆధారం. అందుకని ఒక ఎడిషన్‌లో ఉన్న ట్రిల్ (పక్కపక్క నోట్లను గబగబా మార్చి వాయించే అలంకారం) ఇంకోదాంట్లో ఉండదు, టెంపో (వేగం) చెప్పే మాట మారుతుంది. పాత 19వ శతాబ్దపు ఎడిషన్లలో సంపాదకులు తమ కాలపు అభిరుచితో చేర్చిన స్లర్లు (నోట్లను కలిపే గీతలు), ఫోర్టే (గట్టిగా), పియానో (మెల్లగా) గుర్తులు కూడా ఉంటాయి. పెన్సిల్‌తో వాటిని కొట్టేసి మొదలుపెట్టండి.

2. భాగాలుగా కోయండి

వాయించకముందే స్కోరు మీద గీతలు పడాలి. భాగం మారిందని చెప్పే ఆనవాళ్లు ఇవి: టెంపో మాట, కాల సంజ్ఞ మారడం, రెండు చేతులూ కలిసి ఒక కార్డ్ మీద దిగి ఆగడం, ఇంకా ముఖ్యంగా అల్లిక మారడం. ఒకే గొంతు (విడిగా నడిచే ఒక స్వర వరుస) పరుగెడుతోందా, కార్డులు మోగుతున్నాయా, గొంతులు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయా అన్నది చూడండి.

914లో నాలుగు భాగాలు కనిపిస్తాయి. మొదటిది టెంపో మాట లేని చిన్న ప్రవేశం. బేస్ వైపు, కీబోర్డ్ అడుగున మొదలవుతుంది. రెండోది ‘ఉన్ పోకో అల్లెగ్రో’ (కొంచెం వేగంగా), నాలుగు గొంతుల అల్లిక. మూడోది అడాజియో (నెమ్మదిగా), పూర్తిగా మాట్లాడే ధోరణి. నాలుగోది మూడు గొంతుల ఫ్యూగ్. అంటే ఒక స్వేచ్ఛ, ఒక లెక్క, ఒక స్వేచ్ఛ, ఒక లెక్క.

ఇదే అందరి పద్ధతీ అనుకోవద్దు. ఫ్రెస్కోబాల్డి టొకాటాల్లో భాగాలు పొట్టివి, చాలా. నాలుగైదు బార్లకే (తాళం ఆవర్తాలకే) మనసు మారిపోతుంది. ఫ్రోబెర్గర్ వాటిని కుదించి, స్పష్టంగా విడదీసి, ఒకే విషయాన్ని వేరే కాలంలో మళ్లీ ఫ్యూగ్‌గా తెచ్చే అలవాటు పెంచాడు. బుక్స్‌టెహూడ్ ఆర్గన్ రచనల్లో స్వేచ్ఛ, ఫ్యూగ్, స్వేచ్ఛ, ఫ్యూగ్, స్వేచ్ఛ అనే ఐదు భాగాల నమూనా తరచు కనిపిస్తుంది. 1705లో ఇరవై ఏళ్ల బాఖ్ ఆర్న్‌స్టాట్ నుంచి ల్యూబెక్‌కు సుమారు 400 కిలోమీటర్లు నడిచి వెళ్లింది బుక్స్‌టెహూడ్ వాయింపు వినడానికే. నాలుగు వారాల సెలవు తీసుకుని దాదాపు నాలుగు నెలలకు తిరిగొచ్చి, చర్చి పెద్దల చేత చీవాట్లు తిన్నాడు. ఈ టొకాటాలు ఆ ప్రయాణం తర్వాతి సంవత్సరాల్లోవని సాధారణంగా అనుకుంటారు, వింటే నమ్మబుద్ధేస్తుంది.

బాఖ్ ఏడింటిలోనూ ఒక అచ్చు లేదు. జి మేజర్ (916) ఇటాలియన్ కన్‌చెర్టోలా మూడే భాగాలు. సి మైనర్ (911) లో పెద్ద ఫ్యూగ్ నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగి, కాసేపు పరుగులు తీసి, మళ్లీ అందుకుంటుంది. జి మైనర్ (915) లో మొదటి పరుగు చివర్లో తిరిగొస్తుంది.

3. పరుగుల కింద కార్డులు వెతకండి

అసలు పని ఇక్కడే ఉంది. అందరికీ తెలిసిన డి మైనర్ ఆర్గన్ టొకాటా (బీడబ్ల్యూవీ 565) మొదటి బార్లు చూడండి. అది బాఖ్‌దేనా అని పండితులు ఇంకా తగువులాడుతున్నారు, ఆ గొడవ మనకొద్దు. ఎ మీద చిన్న విరుపు (ఎ, జి, ఎ), ఒక ఆపు. తర్వాత జి, ఎఫ్, ఇ, డి, సి షార్ప్, డి అని కిందికి జారడం. అదే సంగతి ఒక ఆక్టేవ్ కింద పొట్టిగా, ఇంకో ఆక్టేవ్ కింద మళ్లీ. రెండు చేతులూ ఒకే నోట్లు వాయిస్తాయి, గొంతు ఒక్కటే. అప్పుడు అడుగున పెడల్ (ఆర్గన్‌లో కాళ్లతో వాయించే మీటలు) మీద డి నిలబడుతుంది. దాని మీద సి షార్ప్, ఇ, జి, బి ఫ్లాట్ ఒక్కొక్కటే పేరుకుంటాయి. డిమినిష్డ్ సెవెంత్ కార్డ్, కింద మాత్రం దానికి చెందని డి. ఆ ఒరిపిడి డి మేజర్ మీదికి దిగినప్పుడే శ్రోతకు ఊపిరి ఆడుతుంది.

అంతా కలిపి సారం ఎంత? ఎ, తర్వాత డి మీద బిగిసిన కార్డ్, తర్వాత డి. మూడు మెట్లు. మిగతాదంతా ఆ మూడు మెట్ల మీద ఎంతసేపు నిలబడాలి, ఎలా దిగాలి అన్న నాటకం. దీన్ని చూడనివాళ్లు జారే నోట్లను ప్రదర్శిస్తారు. చూసినవాళ్లు పేరుకునే కార్డ్ కోసం టైమ్ దాచుకుంటారు.

914కూ ఇదే చెయ్యండి. ప్రవేశంలోనూ అడాజియోలోనూ ప్రతి అర బారుకూ కింద కార్డ్ పేరు రాసుకోండి. పేరు తెలియకపోతే ఫరవాలేదు, ఏ నోట్లు కలిసి మోగుతాయో రాయండి. తర్వాత పరుగులన్నీ తీసేసి ఆ కార్డులనే గుండుగుత్తగా, నెమ్మదిగా, వరుసగా వాయించండి. బోరు కొట్టకుండా ఉంటే మీ కార్డులు సరిగ్గా వచ్చినట్టే. ఎక్కడ చెవి ‘ఇక దిగు’ అని తొందరపెడుతుందో అక్కడ గుర్తు పెట్టండి. డిసొనెన్స్ (పొసగని నోట్ల ఒరిపిడి) అక్కడే ఉంటుంది. పరుగులు తిరిగి పెట్టాక కూడా మీ చెయ్యి ఆగాల్సిన చోటు అదే.

రాగం, తానం, పల్లవి విన్న చెవికి ఈ భాగాల వరుస కొంత పరిచయంగా తోస్తుంది: తాళం లేని విస్తారం, తర్వాత నడక, తర్వాత లెక్క. పోలిక అంతవరకే. ఆలాపనలో వాయించేవాళ్లను నడిపేది రాగ స్వరూపం. ఇక్కడ నడిపేది ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డ్‌కు ఉన్న లాగుడు. ఆలాపనలా ఒకే చోట ఎంతసేపైనా సాగదీస్తానంటే టొకాటా కూలిపోతుంది.

4. కాలాన్ని సాగదీయడానికీ నియమాలున్నాయి

టొకాటా వాయింపు గురించి అందరికన్నా పనికొచ్చే మాటలు చెప్పింది గిరోలామో ఫ్రెస్కోబాల్డి. 1608 నుంచి రోమ్‌లో సెయింట్ పీటర్స్ ఆర్గనిస్టు. 1615 నాటి మొదటి టొకాటాల పుస్తకానికి ఆయన రాసిన ముందుమాట రెండు పేజీలైనా ఉండదు. అందులోంచి మీ చేతికి ఇవ్వదగ్గవి నా మాటల్లో చెబుతాను.

ఈ సంగీతాన్ని ఒకే తాళానికి కట్టెయ్యొద్దు అంటాడు. అప్పటి కొత్త మాడ్రిగల్ పాటల్లో మాట భావాన్ని బట్టి ఒకసారి నెమ్మది, ఒకసారి వేగం, ఒక్కోసారి గాల్లో నిలిపేసినట్టు పాడినట్టే ఇదీ వాయించాలి. మొదలు నెమ్మదిగా, కార్డులను ఒక్కొక్క నోటూ విప్పుతూ ఉండాలి. కలిపి పట్టుకున్న నోట్ల మీద, డిసొనెన్సుల మీద వాద్యం ఖాళీగా మిగిలిపోకుండా వాటిని మళ్లీ మీటవచ్చు. హార్ప్సికార్డ్‌లో శబ్దం చచ్చిపోతుంది కాబట్టి ఇది చాలా ఆచరణయోగ్యమైన సలహా. 914 అడాజియోలో పొడుగు కార్డ్ కనిపించిన ప్రతిచోటా దీన్ని వాడి చూడండి: కింది నుంచి పైకి విప్పండి, మధ్యలో ఉన్న చేదు నోటును ఇంకోసారి ముట్టుకోండి, తర్వాతి పరుగు అక్కడి నుంచే బయల్దేరనివ్వండి.

ట్రిల్ చివరి నోటు మీద, గెంతు చివరి నోటు మీద ఆగమంటాడు, ఆ నోటు ఎంత చిన్నదైనా సరే. లేకపోతే ఒక సంగతి ఇంకోదాంతో కలగాపులగమవుతుంది. కాడెన్స్ (ఒక సంగతిని ముగించే కార్డుల వరుస) వేగంగా రాసి ఉన్నా బాగా నిలబెట్టి వాయించాలి. ముగింపు దగ్గరపడే కొద్దీ ఇంకా నెమ్మదించాలి. రెండు చేతులకూ కలిపి వేగమైన పరుగు వచ్చేముందు దాని ముందున్న నోటు మీద నిలబడి, అప్పుడు తెగువగా దూకాలి. ఈ చివరిది ఒక్కటి పాటిస్తే చాలు, సగం గందరగోళం పోతుంది. చాలామంది పరుగులోకి జారిపోతూ వెళతారు. వింటున్నవాళ్లకు పరుగు ఎక్కడ మొదలైందో తెలియదు.

ఒక చెయ్యి ట్రిల్, రెండో చెయ్యి మెలోడీ వాయిస్తుంటే నోటుకు నోటు జతపరచొద్దని కూడా చెప్పాడు. ట్రిల్ గబగబా, మెలోడీ తీరిగ్గా, భావంతో నడవాలి. చేతులు రెండూ విడివిడిగా కాలం చూసుకోవాలి. ఇది రావడానికి రోజులు పడుతుంది, టెన్షన్ పడకండి.

ఇంకో మాట చదివితే ఆశ్చర్యమేస్తుంది: అలసిపోతే ఎక్కడైనా కాడెన్స్ దగ్గర ముగించేయవచ్చు, మొత్తం వాయించాల్సిన పనిలేదు. అలాంటాయనే 1627 నాటి రెండో పుస్తకంలో తొమ్మిదో టొకాటా చివర, శ్రమ లేకుండా ముగింపుకు చేరలేరు అని చిన్న వాక్యం రాసిపెట్టాడు. ఆ టొకాటా లయలు చూసినవాళ్లకు ఆయన కొంటెతనం అర్థమవుతుంది.

ఇవన్నీ ఫ్రెస్కోబాల్డికే పరిమితం కాదు. ఫ్రోబెర్గర్ 1637 నుంచి కొన్నేళ్లు రోమ్‌లో ఆయన దగ్గర నేర్చుకుని ఈ పద్ధతిని వియన్నా ఆస్థానానికి మోసుకెళ్లాడు. బాఖ్ డి మేజర్ టొకాటాలో (912) ‘కాన్ డిస్క్రెజియోనె’ అన్న సూచన కనిపిస్తుంది. కాలాన్ని మీ వివేచనకు వదిలాను అని దాని భావం. ఫ్రోబెర్గర్ రచనల్లోనూ అదే సూచన ఫ్రెంచ్ రూపంలో ఉంటుంది.

5. లెక్కలో నడిచే భాగాలు

ఇక్కడ నియమం తిరగబడుతుంది. ఫ్యూగ్ భాగంలో రూబాటో (కాలాన్ని సాగదీయడం) పెట్టారంటే స్వేచ్ఛ భాగానికి విలువ పోయింది. మెట్రోనోమ్ వాడాల్సింది ఇక్కడే.

‘ఉన్ పోకో అల్లెగ్రో’లో నాలుగు గొంతులు. నాలుగు రంగుల పెన్సిళ్లతో ప్రతి గొంతులోనూ విషయం వచ్చిన చోటు గీయండి. విషయంతో పాటు జతగా ఇంకో సంగతి కూడా తిరుగుతుంటుంది, దాన్ని చుక్కల గీతతో గుర్తించండి. ఒక గొంతును పాడుతూ మరొకదాన్ని వాయించడం అన్నిటికన్నా మంచి సాధన. గొంతు బాగోకపోయినా పనికొస్తుంది. ‘కొంచెం వేగం’ అన్నారు కదా అని పరుగెత్తొద్దు. ప్రవేశం తర్వాత నేల మీద కాలు ఆనించే భాగం ఇది.

చివరి ఫ్యూగ్ వేరే ప్రాణి. విషయం పొడుగు, పదహారో వంతు నోట్లతో ఆగకుండా పారుతుంది. మూడు గొంతులే కాబట్టి చేతికి అందుతుంది, కానీ ఆగే చోటు దొరకదు. ముందే ఊపిరి చోట్లు నిర్ణయించుకోండి: ఏ కాడెన్స్ తర్వాత మణికట్టు వదులు చేస్తారో స్కోరు మీద కామా పెట్టండి. గొంతులను రెండేసి చొప్పున సాధన చెయ్యండి. పైదీ మధ్యదీ, మధ్యదీ బేసూ, పైదీ బేసూ. మూడో జత దగ్గర అందరూ తడబడతారు, ఎందుకంటే మధ్య గొంతు రెండు చేతుల మధ్య పంచి ఉంటుంది. అది తీసేస్తే ఫింగరింగ్ తెలియనట్టు అనిపిస్తుంది. అసలు ఫింగరింగే వాడండి, తేలిక దారి వెతకొద్దు. వేగం మాత్రం మీరు ఈ విషయాన్ని ఎంత స్పష్టంగా వినిపించగలరో అంతే. అంతకు మించితే కుట్టు మిషన్ చప్పుడే.

6. అతుకులు

భాగాలన్నీ వచ్చాక కూడా రచన ముక్కలుగానే వినిపిస్తుంటే లోపం అతుకుల్లో ఉంది. ప్రతి భాగాన్నీ మొదటి నుంచి చివరి దాకా సాధన చేసి, మధ్యలో నీళ్లు తాగి మళ్లీ కూర్చుంటే అతుకు ఎప్పటికీ రాదు. ఒక భాగం చివరి రెండు బార్లు, తర్వాతి భాగం మొదటి రెండు బార్లు కలిపి ఒక అభ్యాసంగా పెట్టుకోండి. 914లో అలాంటివి మూడు.

మూడింటినీ ఒకేలా దాటొద్దు. ప్రవేశం ఆగిన చోట శబ్దం పూర్తిగా చావకముందే నాలుగు గొంతుల భాగం మొదలుపెట్టి చూడండి. దాని చివరి కాడెన్స్ తర్వాత మాత్రం నిజంగా ఆగండి, మీటల మీద నుంచి చేతులు తియ్యండి. అడాజియో కొత్త మనిషి మాట్లాడినట్టు రావాలి. అడాజియో నుంచి ఫ్యూగ్‌కు దాటేటప్పుడు ఆఖరి కార్డ్ పట్టుకున్నప్పుడే మనసులో ఫ్యూగ్ టెంపో లెక్కపెట్టుకోండి, చేతులు ఆ లెక్కలోకే దిగాలి. ఇవి నా ఎంపికలు. మీరు మార్చుకోవచ్చు, కానీ ఏదో ఒకటి నిర్ణయించుకోవాలి.

7. ఒకటి మీరే కట్టండి

ఈ మెట్టు ఎగరగొట్టేవాళ్లే ఎక్కువ. అరగంట పనే, ఎంతో నేర్పుతుంది.

ఎడమ చేతి చిటికెన వేలితో కింది డి పట్టుకోండి. దాని మీద కుడి చేత్తో వరుసగా నాలుగు కార్డులు: డి, ఎఫ్, ఎ. తర్వాత డి, జి, బి ఫ్లాట్. తర్వాత సి షార్ప్, ఇ, జి, బి ఫ్లాట్. మళ్లీ డి, ఎఫ్, ఎ. బేస్ కదలదు, పైన మాత్రం బిగిసి వదులుతుంది. ముందు గుండుగుత్తగా వాయించండి. తర్వాత ప్రతి కార్డ్‌నూ విప్పండి. ఆ తర్వాత ఒక్కో కార్డ్ నుంచి తర్వాతి కార్డ్‌కు డి మైనర్ స్కేల్‌లో ఒక పరుగు. పరుగు ముందు నోటు మీద నిలబడడం మరిచిపోకండి.

ఇప్పుడు బేస్‌ను ఎ మీదికి తెచ్చి ఎ, డి, ఇ వాయించి, డిని సి షార్ప్‌కు దించండి. ఆ డిని వీలైనంతసేపు పట్టుకోండి, అవసరమైతే మళ్లీ మీటండి, ఒక ట్రిల్ కూడా పెట్టవచ్చు. దిగాక వెంటనే ఆరేడు నోట్ల చిన్న విషయం ఒకటి డి మీద మొదలుపెట్టి, ఎడమ చేత్తో అదే విషయాన్ని ఎ మీద అందుకోండి. ఎనిమిది బార్లు గట్టి లయలో నడిపితే చాలు. చివర మళ్లీ లయ వదిలేసి, పై నుంచి కింది డి దాకా ఒక పరుగు, డి మేజర్ కార్డ్. మైనర్ రచనను మేజర్ కార్డ్‌తో ముగించడం ఆ కాలపు మామూలు అలవాటు.

ఫోన్‌లో రికార్డు చేసి, వినేటప్పుడు ఒక కాగితం మీద రెండే గుర్తులు పెట్టండి: కార్డ్ మారింది తెలిసిన చోట ఒకటి, వేళ్ల సందడి తప్ప ఏమీ తెలియని చోట ఇంకొకటి. రెండో రకం ఎక్కువైతే పరుగులు తగ్గించండి, కార్డులు ఉంచండి.

8. తర్వాత ఏం ఎత్తుకోవాలి

914 తర్వాత జి మేజర్ (916) సులువుగా అందుతుంది, స్వేచ్ఛ భాగాలు తక్కువ. డి మేజర్‌లో (912) హుషారు ఎక్కువ, చివర గంతులు వేసే 6/16 ఫ్యూగ్ ఉంది, వేళ్లు అలసిపోతాయి. ఎఫ్ షార్ప్ మైనర్ (910) నాకు అన్నిటికన్నా ఇష్టం. అందులో శోకంగా అర స్వరాల్లో దిగే ఒక బాట నెమ్మది భాగంలో వస్తుంది, చివరి ఫ్యూగ్ విషయం కూడా దాని చుట్టమే. తొందరపడి ముట్టుకోవద్దు. సి మైనర్ (911) ఫ్యూగ్ పొడుగు, శ్రోత ఓపికతో పాటు మీదీ పరీక్షిస్తుంది.

ఫ్రెస్కోబాల్డి దగ్గరికి వెళ్లేటప్పుడు ట్యూనింగ్ కూడా మార్చి చూడండి. కొన్ని డిజిటల్ పియానోల్లో మీన్‌టోన్ అనే పాతకాలపు ట్యూనింగ్ అమరిక సెట్టింగ్‌లోనే ఉంటుంది. ఆ ట్యూనింగ్‌లో మామూలు మేజర్ థర్డ్‌లు తేటగా మోగుతాయి, అరుదైన కార్డులు కరకరలాడతాయి. ముందుమాటలో ఆయన ఎక్కడ నిలబడమన్నాడో అక్కడ నిలబడి, ఆ తేడా చెవికి అందేదాకా తర్వాతి కార్డ్‌కు వెళ్లకండి.